ఇరవై దాటితే జబ్బేనా?

ఆవిడ వచ్చేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఆ రోజు స్లైడ్లు చూడటం అయిపోయి రిపోర్టుల మీద సంతకాలు పెడుతున్నాను. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో రెండు రిపోర్టులు, నాలుగు స్లైడ్లున్న చిన్న డబ్బా, పేగు ముక్కని పొదిగి ఉంచిన మైనపు బ్లాకు. వయసు నలభై లోపే. ఊరు తెనాలి అవతల పల్లె. జాకెట్టు భుజాల మీద నిలవడం లేదు, అంత చిక్కిపోయి ఉంది. వెంట మరిది వచ్చాడు. (ఆవిడ ఒప్పుకుంటేనే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను.)

"డాక్టరమ్మా, నా పేగులో ఇరవయ్యేడు ఉన్నాయంట. ఇంకో ల్యాబువాళ్ళు పదిహేడే అంటున్నారు. ఏది నిజమో మీరు చూసి చెప్పాలి. తగ్గినట్టా, తగ్గనట్టా?"

ఇరవయ్యేడు ఏమిటో ఆవిడకు బాగా తెలుసు. మాస్ట్ కణాలు, అలర్జీలో రెచ్చిపోయే కాపలా కణాలు. మూడేళ్ళుగా విరేచనాలు, తిన్న గంటకల్లా కడుపులో మెలిపెట్టే నొప్పి. కొలనోస్కోపీలో పేగు శుభ్రంగా కనిపించింది. తీసిన ముక్కల్ని మామూలు రంగులతో చూస్తే ఏమీ తేలలేదు. అప్పుడెవరో ట్రిప్టేజ్ స్టెయిన్, అంటే మాస్ట్ కణాలకే పట్టే రంగు పరీక్ష, చేయించమన్నారు. "హై పవర్ ఫీల్డుకు 27, పెరిగినట్టు" అని రిపోర్టు వచ్చింది. ఇరవై దాటితే ఎక్కువ అన్నది అందరూ వాడే గీత. ఆ కాగితం చేతికొచ్చిన రోజు నుంచి పాలు, పెరుగు, గోధుమలు మానేసింది. తరవాత టమోటా, వంకాయ, చింతపండు, గోంగూర, పచ్చళ్ళు. ఆ తరవాత పప్పులు. ఎనిమిది నెలల్లో పదకొండు కిలోలు తగ్గింది. ఆ అంకె దిగిందో లేదో చూసుకోవడానికి అదే బ్లాకు మీద రెండో చోట మళ్ళీ లెక్క వేయించింది. అదే బ్లాకు అంటే అదే రోజు తీసిన అదే ముక్క. అందులో కణాలు పెరిగేదీ లేదు, తగ్గేదీ లేదు. ఈ సంగతి ఆవిడకు చెప్పినవాళ్ళు లేరు.

పేగు బయాప్సీలు చదవడం నా వృత్తి. మాస్ట్ కణాల్ని గుర్తుపట్టే ఈ రంగు పరీక్షంటే నాకు గౌరవం ఉంది, అవసరమైన చోట నేనే అడిగి చేయిస్తాను. అయినా ఆ కణాల్ని లెక్కపెట్టి, ఒక అంకె వేసి, పక్కన "పెరిగినట్టు" అని రాసి పంపించే పద్ధతి తప్పు అని నా వాదన. ఆ అంకె మోసుకుని మనుషులు తిండి మానేస్తున్నారు.

ముందు ఆ రెండు అంకెల సంగతి తేలుద్దాం.

మైక్రోస్కోపులో 40 రెట్ల కటకం పెట్టినప్పుడు కంటికి కనిపించే గుండ్రటి జాగాని హై పవర్ ఫీల్డు అంటాం. ఆ గుండ్రం ఎంత పెద్దది అనేది కన్ను ఆనించి చూసే కటకాన్ని బట్టి ఉంటుంది. దాని అంచు మీద 18 అనో, 22 అనో, 26.5 అనో ఒక అంకె చెక్కి ఉంటుంది. అది ఫీల్డు నంబరు. దాన్ని 40తో భాగిస్తే గుండ్రం వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. 18 అయితే వ్యాసం 0.45 మిల్లీమీటరు, వైశాల్యం సుమారు 0.159 చదరపు మిల్లీమీటరు. 22 అయితే వ్యాసం 0.55, వైశాల్యం 0.238. 26.5 అయితే వైశాల్యం 0.345. ఇది మొదటిదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. ఒకరు కుంచంతో, ఇంకొకరు మానికతో కొలిచి, ఇద్దరూ "ఇరవై" అని చెబితే ఆ ఇరవైలు ఒకటెలా అవుతాయి?

రెండు ల్యాబులకూ ఫోన్ చేసి అడిగాను. మొదటి చోట 26.5, రెండో చోట 22. కాగితం మీద భాగహారం వేశాను. 27ని 0.345తో భాగిస్తే చదరపు మిల్లీమీటరుకు 78. 17ని 0.238తో భాగిస్తే 71. చేత్తో వేసే లెక్కలో ఆ మాత్రం తేడా ఎప్పుడూ వస్తుంది. ఇద్దరూ ఒకే మాట చెప్పారు, ఆవిడకు రెండు మాటలుగా వినపడింది. ఇదే ముక్కని నేను చదువుకున్న రోజుల నాటి పాత మైక్రోస్కోపు కింద, 18 ఫీల్డు నంబరుతో పెట్టి ఉంటే పన్నెండు వచ్చేది. అప్పుడావిడ "తక్కువే ఉన్నాయట" అనుకుని పెరుగన్నం తినేది.

ఇది మైక్రోస్కోపు పట్టుకున్న ప్రతి పాథాలజిస్టుకీ తెలిసిన సంగతే. రొమ్ము క్యాన్సరులో విభజన చెందే కణాల్ని లెక్కపెట్టేటప్పుడు ఫీల్డు సైజు చూసుకోకుండా గ్రేడు వేయం. మరి పేగు దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎందుకు వదిలేస్తున్నాం? ఇక్కడ ప్రాణం పోయే జబ్బు కాదు కదా అన్న ధీమా వల్లేనని నా అనుమానం.

సరే, అసలు ఈ కణాలేమిటి?

1863లో ఫ్రెడరిక్ ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ కప్ప పేగుల్ని పట్టి ఉంచే పల్చటి పొరలో గుళికలు నిండిన కణాల్ని చూశాడు. వాటికి పేరు పెట్టింది పాల్ ఎర్లిహ్. 1878లో లైప్‌జిగ్‌లో డాక్టరేటు వ్యాసం రాసేనాటికి అతనికి పాతికేళ్ళు నిండలేదు. బట్టల కోసం కొత్తగా తయారవుతున్న అనిలిన్ రంగుల్ని కణజాలం మీద పోసి, ఏ రంగు ఎక్కడ పట్టుకుంటుందో చూసుకుంటూ పోయాడు. కొన్ని కణాల్లోని గుళికలు ఆ రంగుని పట్టుకోవడమే కాదు, రంగునే మార్చేస్తున్నాయి. నీలం వేస్తే ఊదా అవుతోంది. కణం నిండా గుళికలు కనిపించేసరికి ఇది బాగా మేసి బలిసిన కణం అనుకుని 'మాస్ట్‌సెల్లెన్' అన్నాడు. జర్మన్‌లో 'మాస్ట్' అంటే పశువుల్ని మేపి బలిపించడం. ఆ కణం మేస్తోందన్న ఊహ తప్పని తరవాత తేలింది, పేరు మాత్రం నిలిచిపోయింది. రంగు ఎందుకు మారుతుందో తెలియడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. 1937లో స్వీడన్‌లో హోల్మ్‌గ్రెన్, విలాండర్ ఆ గుళికల్లో ఉన్నది హెపారిన్ అని చూపించారు. రక్తం గడ్డకట్టకుండా ఐసీయూలో ఎక్కించే హెపారినే. ఈనాటికీ దాన్ని ప్రధానంగా పంది పేగు లోపొర నుంచే తీస్తారు. మందుగా ఎక్కించే హెపారిన్‌లో దాదాపు ప్రతి చుక్కా ఏదో ఒక పేగులోని మాస్ట్ కణాల గుళికల్లోంచి వచ్చిందే. ఎన్నేళ్ళు గడిచినా నాకిది తలుచుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే.

మన ఎముక మజ్జలో పుట్టి, ఇంకా పక్వానికి రాకుండానే రక్తంలో ప్రయాణం చేసి, చర్మానికో ఊపిరితిత్తులకో పేగుకో చేరి అక్కడే పెరిగి స్థిరపడతాయి ఈ కణాలు. బయటి ప్రపంచం మన ఒంటిని తాకే ప్రతి చోటా కాపు కాస్తాయి. పేగు లోపొర కింది మెత్తటి కణజాలాన్ని మేము లామినా ప్రొప్రియా అంటాం. అక్కడున్న కణాల్లో నూటికి రెండు మూడు ఇవే. అంటే ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషి పేగులోనూ ఉంటాయి. ఉండాలి. పురుగుల్ని బయటికి నెట్టడంలో వీటి పాత్ర ఉంది. ఎలుకల్లో పేగు పురుగు పట్టినప్పుడు మాస్ట్ కణాలు వదిలే ఒక ఎంజైము పేగు గోడ కణాల మధ్య అతుకుల్ని సడలించి, నీరు లోపలికి ఊరేలా చేస్తుందని 2003లో నిరూపించారు. పురుగుని కడిగి పారేసే ఏర్పాటు అది. మనిషికి అది విరేచనంలా ఉంటుంది.

వాటిని గుర్తుపట్టడం ఎప్పుడూ కష్టమే. రోజూ వాడే గులాబీ-నీలం రంగుల స్లైడులో మాస్ట్ కణం ఒక అనామకుడు. మధ్యలో గుండ్రటి కేంద్రకం, చుట్టూ కాస్త లేత గులాబీ. పక్కనే ప్లాస్మా కణాలు, లింఫోసైట్లు, ఎర్రటి గుళికలతో మెరిసే ఇసినోఫిల్స్ గుంపుగా ఉంటే వాటి మధ్య కలిసిపోతుంది. టొలుయిడిన్ బ్లూ వేస్తే ఊదాగా బయటపడాలి కదా అంటారు. చర్మంలో బయటపడుతుంది. పేగు లోపొరలో చాలాసార్లు బయటపడదు. ఎందుకో 1966లో గోటెన్‌బర్గ్‌లో లెన్నార్ట్ ఎనర్‌బ్యాక్ ఎలుక పేగుల మీద ఓపికగా చేసిన పనిలో తేలింది. మనం ముక్కని వేసి ఉంచే ఫార్మలినే ఆ రంగుని అడ్డుకుంటోంది. వేరే ద్రావకంలో వేస్తే అవే కణాలు కనిపించాయి. అంటే అన్నేళ్ళూ "లేవు" అనుకున్న చోట ఉన్నాయి. మనం ముక్కని ఎందులో వేశామో అది వాటిని దాచింది. మాకు వచ్చే ముక్కల్లో కొన్ని చిన్న ఊళ్ళ నుంచి బస్సులో, ఎండాకాలం, మూత సరిగ్గా లేని సీసాలో, ఎప్పుడు కలిపారో తెలియని ఫార్మలిన్‌లో వస్తాయి. ఆ సీసా మూత తీసిన ప్రతిసారీ నాకు ఎనర్‌బ్యాక్ గుర్తొస్తాడు.

ఈ చిక్కుని తెంచింది ఎంజైము. 1981లో హార్వర్డ్‌లో లారెన్స్ ష్వార్ట్జ్ బృందం మనిషి ఊపిరితిత్తుల మాస్ట్ కణాల నుంచి ట్రిప్టేజ్‌ని శుద్ధి చేసింది. ప్రొటీన్లని కోసే ఎంజైము ఇది. ఒక్కో మాస్ట్ కణంలో 10 నుంచి 35 పికోగ్రాముల దాకా ఉంటుంది. ఒక చిన్న కణానికి అది మామూలు నిల్వ కాదు. మరే కణంలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు. కాబట్టి ట్రిప్టేజ్‌కి అతుక్కునే యాంటీబాడీ తయారుచేసి, దానికి గోధుమరంగు తెప్పించే ఏర్పాటు కడితే మాస్ట్ కణం ఎక్కడున్నా దొరికిపోతుంది, ఫార్మలిన్‌లో వేసిన ముక్కలో సైతం. 1986లో ఇరానీ, ష్వార్ట్జ్, వాళ్ళతో పనిచేసినవాళ్ళు ఇంకో మెట్టు ఎక్కారు. మనిషిలో రెండు రకాల మాస్ట్ కణాలున్నాయని చూపించారు. ఒక రకంలో ట్రిప్టేజ్ మాత్రమే, రెండో రకంలో ట్రిప్టేజ్‌తో పాటు కైమేజ్ అనే ఇంకో ఎంజైము. పేగు లోపొరలో మొదటిది ఎక్కువ, దాని కింది పొరలోనూ చర్మంలోనూ రెండోది ఎక్కువ. కణాన్ని దాని కడుపులోని ఎంజైముని బట్టి పిలవడం అప్పటి నుంచి అలవాటైంది.

ట్రిప్టేజ్ నిర్మాణం 1998లో బయటపడింది. నాలుగు ముక్కలు చతురస్రంగా కూర్చుని, కోసే పళ్ళన్నీ మధ్యలోని ఖాళీ వైపుకి తిరిగి ఉంటాయి. మన మండువా లోగిలిలో నాలుగు వైపుల గదుల గుమ్మాలూ మండువాలోకి తెరుచుకున్నట్టు. ఆ మండువాలోకి చిన్న చిన్న ప్రొటీన్లే దూరగలవు. రక్తంలో ఇలాంటి ఎంజైముల్ని ఆపడానికి తిరిగే పెద్ద ప్రొటీన్లు లోపలికి రాలేవు. నాలుగు ముక్కల్నీ విడిపోకుండా పట్టి ఉంచేది హెపారిన్. అందాకా ఎర్లిహ్ రంగు మార్చిన పదార్థమూ, ష్వార్ట్జ్ శుద్ధి చేసిన ఎంజైమూ ఒకే గుళికలో ఎందుకున్నాయన్న ప్రశ్నకి ఇక్కడ జవాబు దొరికింది.

ఇంతవరకూ ఇది గొప్ప విజయం. నా పేచీ తరవాతి అడుగుతో.

గోధుమరంగు స్టెయిన్ మనకు చూపించేది కణంలో నిల్వ ఉన్న ఎంజైముని. గుళికల్లో కట్టి పెట్టుకున్నదాన్ని. గాదె నిండా ధాన్యం ఉందంటే ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగిందని అర్థం కాదు. గాదె సగం ఖాళీ అయిందంటే తిన్నారో, అమ్మారో, పంచిపెట్టారో ఏదో జరిగింది. మాస్ట్ కణం రెచ్చిపోయి గుళికల్ని బయటికి కక్కినప్పుడు దాని లోపలి ఎంజైము తగ్గుతుంది, రంగు పలచబడుతుంది, అంచులు చెదిరిపోతాయి. అంటే ఆ పూట నిజంగా పని చేసిన కణం స్లైడు మీద బాగా కనపడకపోవచ్చు. నిండుగా, గుండ్రంగా, వేయించిన కాఫీ గింజ రంగులో మెరుస్తూ మా లెక్కలో పడేవి ఎక్కువగా ఇంకా పని మొదలుపెట్టనివి. మేము కణాల్ని లెక్కపెట్టి "చురుగ్గా ఉన్నాయి" అన్న అర్థం వచ్చేలా రాస్తున్నాం. ఆ రంగు ఆ మాట చెప్పదు.

ఇరవై ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 2006లో షికాగో నుంచి జకాటే, వాళ్ళ సహచరులు ఒక పరిశోధన ప్రచురించారు. ఏ మందుకీ లొంగని విరేచనాలతో ఉన్న 47 మంది, పోల్చడానికి 50 మంది. పోల్చినవాళ్ళలో ఫీల్డుకు సగటున 13 కణాలు. దానికి మామూలుగా ఉండే తేడాలు కలుపుకుని 20ని గీతగా గీశారు. విరేచనాలున్నవాళ్ళలో 33 మంది ఆ గీత దాటారు. దానికి 'మాస్టోసైటిక్ ఎంటెరోకొలైటిస్' అని పేరు పెట్టారు. మాస్ట్ కణాల్ని శాంతపరిచే మందులు ఇస్తే కొందరికి తగ్గింది కూడా. ఆ పరిశోధకుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. తగ్గని జబ్బుతో తిరిగి తిరిగి వస్తున్నవాళ్ళలో ఏదో ఒకటి వెతికారు, దొరికింది చెప్పారు. కానీ ఒక ఊళ్ళో, ఒక ల్యాబులో, వాళ్ళ పద్ధతిలో గీసిన గీత అది. అది ప్రపంచమంతా తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి గీతగా కాక శాసనంగా వచ్చింది.

2014లో బోస్టన్ నుంచి డాయిల్, హోర్నిక్ బృందం ఇంకో లెక్క చెప్పింది. ఏ బాధా లేకుండా స్క్రీనింగ్ కోసం కొలనోస్కోపీ చేయించుకున్నవాళ్ళ పేగుల్లో, అన్నిటికన్నా ఎక్కువ కనిపించిన ఒక్క ఫీల్డులో సగటున 26 కణాలు. కొందరిలో 55 దాకా. ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ దొరకకుండా కడుపు నొప్పి, విరేచనాలో మలబద్ధకమో వేధించే జబ్బు) ఉన్నవాళ్ళలో సగటు 30. రెండు గుంపులూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి, మధ్యలో గీత గీయడానికి జాగా లేదు. ఒకరు ఎక్కువ ఉన్న ఫీల్డుని ఎంచుకుంటారు, ఇంకొకరు పది ఫీల్డుల సగటు తీస్తారు, కాబట్టి ఆ 13నీ ఈ 26నీ పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా సరికాదు. నేను అంటున్నదీ అదే. ఎవరు, ఎంత జాగాలో, ఎలా లెక్కపెట్టారో చెప్పని ఇరవయ్యేడుకి అర్థమే లేదు. ఆవిడ ఇరవయ్యేడు బోస్టన్‌లో ఏ బాధా లేని మనిషి అంకె.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మాస్ట్ కణాల్ని వెతకడం దండగ అని నేను అనడం లేదు. నాలుగైదేళ్ళ కిందట ఒక పెద్దాయన పేగు ముక్క వచ్చింది. మామూలు స్లైడులో ఇసినోఫిల్స్ దండిగా ఉన్నాయి, అలర్జీయో పురుగులో అని రాయబోయాను. పై పొర కిందే ఒక పట్టీలా పాలిపోయిన కణాలు బారులు తీరి ఉన్నాయి. అవి మనసులో ఇబ్బంది పెట్టాయి. ట్రిప్టేజ్ వేస్తే పట్టీ పట్టీ అంతా గోధుమరంగైంది. లెక్కపెట్టే పనే లేదు, ఒకదానికొకటి అతుక్కుని, కొన్ని కదురులా సాగి ఉన్నాయి. సీడీ25 అనే ఇంకో స్టెయిన్ వేయించాం. మామూలు మాస్ట్ కణాలు దాన్ని పట్టుకోవు, ఇవి పట్టుకున్నాయి. పేగు మాస్ట్ కణాల్లో సీడీ25 కనిపిస్తే అది సిస్టమిక్ మాస్టోసైటోసిస్ అని 2007లోనే తేలింది. ఆ జబ్బులో కిట్ జన్యువులో, చాలామందిలో 816వ స్థానంలో, ఒక మార్పు ఉంటుంది. కణాలు ఆగకుండా పుట్టుకొస్తాయి. డబ్ల్యూహెచ్‌ఓ ప్రమాణాల్లో మొట్టమొదటిది 15కి తక్కువ కాకుండా మాస్ట్ కణాలు గుంపుగా చేరి ఉండటం. అంకె అక్కడా ఉంది, చూడండి. కానీ అది గుంపులోని అంకె. చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఫీల్డుకు ఇన్ని అని లెక్కపెట్టేది కాదు. ఆకారం, అమరిక, సీడీ25, జన్యు పరీక్ష, రక్తంలో ట్రిప్టేజ్ మిల్లీలీటరుకి 20 నానోగ్రాములు దాటడం, వీటన్నిటినీ కలిపి చూసి చెప్పేది. ఆ పెద్దాయనకి ఆ స్టెయిన్ వేయకపోయి ఉంటే ఇంకా పురుగుల మందే మింగుతూ ఉండేవాడేమో.

రక్తం మాట వచ్చింది కనుక ఇదీ చెబుతాను. మాస్ట్ కణాలు ఇప్పుడు రెచ్చిపోయాయా లేదా అని నిజంగా తెలుసుకోవాలంటే బాధ మొదలైన ఒకటి నుంచి నాలుగు గంటల్లోపు రక్తం తీసి ట్రిప్టేజ్ చూడాలి, బాధ లేని రోజు ఇంకోసారి చూడాలి. మామూలు రోజు విలువని 1.2తో గుణించి 2 కలిపితే వచ్చేదానికన్నా బాధ రోజు విలువ ఎక్కువుండాలి. మామూలుగా 5 ఉండే మనిషికి బాధ రోజు 8 దాటాలన్నమాట. ఇందులో మనిషిని తన ఆరోగ్యకరమైన రోజుతోనే పోల్చుతున్నారు. పేగు స్లైడుకి కూడా అలాంటి నిజాయితీ కావాలి. కానీ పేగులోనే జరిగి ఆగిపోయే చిన్న గొడవ రక్తందాకా రాకపోవచ్చు, అది కూడా ఒప్పుకోవాలి.

ఆ చిన్న గొడవ నిజం. ఐబీఎస్ అంటే "ఏమీ లేదు, టెన్షన్ పడకండి" అని పంపించేసే రోజులు పోవాలి. అవి పోవడానికి కారణం కూడా ఈ కణాలే. 2004లో ఇటలీలోని బొలోన్యాలో జియోవాన్ని బార్బరా బృందం ఒక పని చేసింది. కణాలెన్ని ఉన్నాయి అనడంతో ఆగకుండా, అవి నరాల కొసలకి ఎంత దగ్గర్లో ఉన్నాయి అని కొలిచింది. నరానికి అయిదు మైక్రాన్ల లోపు చేరిన మాస్ట్ కణాల సంఖ్య ఆ మనుషులు చెప్పిన కడుపు నొప్పితో సరిపోలింది. ఆ పేగు ముక్కలు ట్రిప్టేజ్‌ని, హిస్టమిన్‌ని ఎక్కువగా వదిలాయి కూడా. 2021లో బెల్జియంలోని లూవెన్ నుంచి గై బూక్‌స్టాన్స్ బృందం పన్నెండు మంది ఐబీఎస్ రోగుల పెద్దపేగు చివరి భాగంలోకి సోయా, గోధుమ, గ్లూటెన్, పాల పదార్థాలు సూదితో చిన్న చుక్కలుగా ఎక్కించి చూసింది. పన్నెండు మందికీ ఏదో ఒకదానికి ఆ చోట వాపు వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఎనిమిది మందిలో ఇద్దరికే వచ్చింది. ఆ పన్నెండు మందీ రక్తపరీక్షలో అలర్జీ ఏమీ లేనివాళ్ళు. అలర్జీ పేగు గోడలోనే పుట్టి అక్కడే ఆగిపోయింది. అంటే "ఏది తిన్నా కడుపు మెలిపెడుతోంది" అన్న మాట భ్రమ కాదు.

అందుకే ఈ స్టెయిన్‌ని పట్టుకుని వేలాడేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. ఏళ్ళ తరబడి "నీకేం లేదు" అని విన్న మనిషికి గోధుమరంగు చుక్కలున్న ఫొటో ఒకటి దొరికింది. చూడండి, నా పేగులో ఉంది, నా తలలో కాదు అని చూపించుకోవడానికి ఒక రుజువు. ఆడవాళ్ళకి మరీను. ఆ రుజువుని లాక్కోవడం నా ఉద్దేశం కాదు. కానీ రుజువు అన్నది నిజమైనదై ఉండాలి. ఆవిడ బాధ నిజం. ఇరవయ్యేడు ఆ బాధకి రుజువు కాదు. బార్బరా కొలిచింది దూరాన్ని, బూక్‌స్టాన్స్ చూసింది స్పందనని. మేము మాత్రం తలలు లెక్కపెట్టి చేతులు దులుపుకుంటున్నాం. మా లెక్క వల్ల ఆవిడకు దొరికింది వైద్యం కాదు, నిషేధాల జాబితా. ఎంత మానినా ఆ అంకె దిగదని తెలిసి ఉంటే అంత మానేది కాదు.

చేయవలసింది కొండంత పనేమీ కాదు. అంకె రాస్తే చదరపు మిల్లీమీటరుకి రాయాలి. ముక్క ఎక్కడిదో రాయాలి, ఎందుకంటే చిన్నపేగు, పెద్దపేగు మొదలు, చివర ఒకేలా ఉండవు. "పెరిగినట్టు" అని రాసేముందు దేనితో పోల్చి పెరిగిందో చెప్పాలి. పోల్చడానికి షికాగో, బోస్టన్ మనుషుల పేగులు కాదు, మన ల్యాబుకే వచ్చే మామూలు పేగులు కావాలి. మన నీళ్ళు, మన తిండి, మన పురుగులు చూసిన పేగులవి. పాలిప్ తీసినప్పుడో, స్క్రీనింగ్‌లోనో వచ్చిన బాగున్న ముక్కలు ప్రతి ల్యాబు అలమరలోనూ ఉంటాయి. ఖాళీ దొరికినప్పుడల్లా తీసి లెక్కపెట్టుకోవచ్చు. నేను ఆ పని చేసుకుంటున్నాను. గ్యాస్ట్రో డాక్టర్లని కూడా ఒకటి అడుగుతాను. ట్రిప్టేజ్ స్టెయిన్ రాసేముందు, వచ్చే జవాబుతో ఏం చేయబోతున్నారో ఒక్క వాక్యం రాసి పంపండి. మాస్టోసైటోసిస్ అనుమానం అయితే ఆ మాట రాయండి, మేము గుంపుల కోసం వెతుకుతాం, సీడీ25 వేస్తాం. ఊరికే "ఏదో ఒకటి దొరుకుతుందేమో" అయితే, ఆ స్టెయిన్ ఖర్చు కూలికి పోయే మనిషికి కొన్ని రోజుల సంపాదన.

ఆవిడ స్లైడు నేను చూసే సరికి ఆరున్నర అయింది. గుంపులు లేవు, కదురు ఆకారాలు లేవు. మెత్తటి కణజాలంలో అక్కడొకటి ఇక్కడొకటి, నాటు వేసిన మడిలా ఎడం ఎడంగా ఉన్నాయి. సీడీ25 మొదటి ల్యాబువాళ్ళే వేశారు, ఏదీ పట్టుకోలేదు. నా లెక్క చదరపు మిల్లీమీటరుకి 75 వచ్చింది.

మా మైక్రోస్కోపుకి విద్యార్థుల కోసం ఎదురుగా ఇంకో కన్ను ఉంది. ఆవిడని రమ్మని కూర్చోబెట్టాను. సర్దుకోవడానికి కాసేపు పట్టింది, కళ్ళజోడు తీసేసి మళ్ళీ పెట్టుకుంది. బాణం గుర్తుతో ఒక్కో చుక్కా చూపించాను. తరవాత ఆ స్లైడు తీసి, అలమరలోంచి ఇంకొకటి పెట్టాను. పేరు చెప్పలేదు. ఏ బాధా లేకుండా, చిన్న పాలిప్ తీయించుకుని వెళ్ళిపోయిన ఒక మనిషిది. అదే రంగు, అవే చుక్కలు.

"లెక్కపెట్టమ్మా" అన్నాను.

పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. రెండుసార్లు మధ్యలో తప్పి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

"ఇరవై ఒకటి. ఈ మనిషికి ఏం జబ్బు?"

"ఏ జబ్బూ లేదు."

"పెరుగు తింటాడా?"

"తింటాడనే అనుకుంటున్నాను."

కంటి మీద నుంచి తల ఎత్తలేదు. కాసేపాగి మరిది వైపు తిరిగి, "ఒరే, నువ్వు కూడా ఇటొచ్చి చూడు" అంది. రిపోర్టులో కొత్త అంకె, దాని పక్కన ఎంత జాగాలో లెక్కపెట్టానో, మామూలుగా ఎంత ఉండొచ్చో రాసి, గ్యాస్ట్రో డాక్టరు గారికి విడిగా ఒక ఉత్తరం పెట్టాను. బరువు, రక్తం, బి12 చూడమని, తిండి సంగతి డైటీషియన్ దగ్గర ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టించమని. ఆవిడ కవరులో కాగితాలు సర్దుకుంటూ పాత రిపోర్టు రెండింటినీ కింద పెట్టి, కొత్తది పైన పెట్టింది.